చెయ్యి దూరని సందు

ఫ్రిజ్ మీద పెట్టిన కాగితాల్లో, సంతకం పెట్టాల్సిన రెండు చోట్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు గీసి ఉంది. అంత ఓపిగ్గా గుర్తులు గీసినవాడు నోరు తెరిచి ఒక్క మాట అడిగితే అరిగిపోతాడా? అడగలేదు. రామ్‌దాస్ చెప్పులేసుకుంటూ, పెళ్లాం వైపు తిరగనైనా తిరగకుండా చెప్పి పోయాడు.

"పన్నెండింటికి భానన్నను తోల్కొస్త. గా రెండు జాగలల్ల సంతకం పెట్టి ఉంచు. కారు ఆయనకే ఇచ్చేద్దాం. ఇంజను పోయిందన్నడు, ఇంక దానెంబడి తిరిగి లాభమేమున్నది?"

సుకన్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కారు ఆమె పేరు మీద ఉంది. ఉండక ఏం చేస్తుంది? పదిహేడేళ్లు బీడీలు చుట్టింది ఆమె. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టి, ఛాతీలో పిల్లికూతలు మొదలై, ఇంకా చాట ముందు కూర్చుంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పాక, చేతికొచ్చిన పీఎఫ్ డబ్బుతో కొన్న పాత పెట్రోలు కారది. రామ్‌దాస్ దాన్ని ఎడపల్లి నుంచి బోధన్‌కూ నిజామాబాద్‌కూ కిరాయికి తిప్పుతాడు. ఇల్లు దాని మీదే నడుస్తోంది. కారు పోతే ఆమె బతుక్కి మళ్లీ చాటే. ఆ సంగతి రామ్‌దాస్‌కు తట్టలేదనుకుంటే పొరపాటు. నిన్ననే బీడీ కార్ఖానాకు పోయి, సుకన్యకు మళ్లీ బీడీలు చుట్టడానికి ఆకు ఇస్తారా అని అడిగొచ్చాడట. ఆ కబురు మోసుకొచ్చింది అత్త సాయవ్వ.

ఇదంతా ఒక చిన్న లైటుతో మొదలైంది. రెండు నెలల కింద స్టీరింగ్ వెనకాల పసుపుపచ్చగా ఇంజను బొమ్మ వెలిగింది. కారు ఆగి ఆగి ఉరకడం, పెట్రోలు నీళ్లలా తాగడం మొదలుపెట్టింది. భానుప్రసాద్ రామ్‌దాస్‌కు దోస్తు, నిజామాబాద్‌లో గ్యారేజీ పెట్టుకున్నాడు. మిషన్ తగిలించి చూసి, ఆక్సిజన్ సెన్సారు పోయిందన్నాడు. పొగ గొట్టంలో బిగించి ఉండి, పొగ వాసన పట్టి, పెట్రోలు ఎంత మండించాలో ఇంజనుకు చెప్పే బుడిపె అది. మార్చానన్నాడు. లైటు ఆరింది. రెండో రోజుకే మళ్లీ వెలిగింది. అప్పుడేమన్నాడు? సెన్సారు మంచిదే, ఇంజనే పోయిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పైగా, దోస్తువి కాబట్టి ఆ తుక్కును నేనే కొనుక్కుంటానని ఉపకారమొకటి.

సుకన్య ఊరుకోలేదు. ఆ మిషన్ చూపించిన ఫొటో మొగుడి ఫోన్లో ఉంటే, బోధన్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణం నడిపే నితీష్‌కు పంపింది. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, కారుకు రెండు సెన్సార్లుంటయ్. పోయింది ఒకటో నంబరుది. అది ఇంజనెనుక, గోడకానుకొని ఉంటది, చెయ్యి దూరది. రెండోది కారు కింద అలకగ అందుతది. మీకు రెండోది మార్చి పంపినట్టున్నరు."

ఆ మాట మొగుడికి చెప్పింది. రామ్‌దాస్ నవ్వాడు. "బీడీలు చుట్టినదానివి, నీకు ఇంజన్ల సంగతేమెరుక? భానన్న ఇరవై ఏండ్ల సంది గదే పని చేస్తుండు" అన్నాడు. ఆ నవ్వు సుకన్య ఇంకా మర్చిపోలేదు. నిన్న బస్సెక్కి పోయి, నితీష్ దగ్గర కొత్త సెన్సారు కొని తెచ్చి, బియ్యం డబ్బాలో దాచింది.

రామ్‌దాస్ సందు మలుపు తిరగ్గానే మంచం కిందినుంచి ఇనుప పెట్టె లాగింది. అది ఆమె తండ్రి బాలనర్సయ్యది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన బాయిలర్ దగ్గర ఫిట్టరు. ఫ్యాక్టరీ మూతపడ్డది, ఆయనా పోయాడు, పానాలు మిగిలాయి.

వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న సాయవ్వ తలెత్తింది.

"ఏంది పిల్లా, మొగోళ్లకు చేతగానిది నువ్వు జేస్తవా?"

"చేతగాక కాదత్తా, చెయ్యక. నీ కొడుకు కండ్లు మూసుకొని ఆని మాట నమ్ముతడు. నీ కొడుకుకు బుద్ధి లేదు."

అంటే అన్నది గానీ, అత్త మీద పడుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. సాయవ్వ దారం పళ్లతో తెంపి, నింపాదిగా అన్నది:

"వాని నాయినకు గూడ లేకుండె. నేను రోజు తిట్టేదాన్ని."

బానెట్ ఎత్తి, గాలి ఫిల్టరు డబ్బా విప్పి పక్కన పెట్టింది. ఇంజనుకూ వెనకాల రేకు గోడకూ మధ్య ఉన్న సందు చూసింది. జానెడు కూడా లేదు. లోపల ఏమీ కనబడదు. తుప్పు వదిలించే నూనెను గొట్టంతో అందాజగా లోపలికి కొట్టి, అరగంట ఆగింది. తర్వాత ఇంజను ఐదు నిమిషాలు నడిపి ఆపేసి, బ్యాటరీ వైరు విప్పింది. "ఇనుమును సల్లగున్నప్పుడు అడిగితె ఇయ్యది బిడ్డా, ఏడిగున్నప్పుడు అడగాలె" అనేవాడు తండ్రి. మోచేతి దాకా పాత తువ్వాల చుట్టుకుని సందులోకి చెయ్యి పెట్టింది.

రామ్‌దాస్ చెయ్యైతే మణికట్టు దగ్గరే ఇరుక్కునేది. సుకన్య చెయ్యి గాజులు తీసేశాక లోపలికి పోయింది. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిముద్ర పట్టదు. ఆకూ దారం రాసుకుని రాసుకుని గీతలు అరిగిపోయాయి. నెలనెలా నాలుగైదుసార్లు వేళ్లు తుడిపించి, వెనకున్న లైనంతా విసుక్కునేలా చేసే వేళ్లవి. అవే వేళ్లు ఇప్పుడు చీకట్లో వైరు పట్టుకుని పోయి, సెన్సారు నట్టును తడిమాయి.

నట్టు మూలల మీద మట్టి గట్టిపడి పెచ్చులు కట్టి ఉంది. గోటితో గీకితే రాలింది. పానా పడితే ఆ మట్టి ఉండదు. అంటే దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండు నెలలుగా ఇంట్లో రోజూ పోట్లాటే, కిరాయిలు పోయాయి, ఆమె చాట ముందు మళ్లీ కూర్చోవాల్సిన రోజు వచ్చింది. ఇంతా చేసి, ఆ మహానుభావుడు ఇక్కడ చెయ్యి పెట్టనైనా పెట్టలేదు!

"దొంగ నా కొడుకు!" అన్నది గట్టిగా. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకుంది.

ఇరవై రెండో నంబరు పానా తగిలించి గుంజితే కదల్లేదు. ఇంకో పానాను దాని చివరకు కొక్కెంలా తగిలించి, పట్టు పొడుగు చేసుకుని, కాలు బంపరుకు తన్నిపెట్టి లాగింది. పట్టు జారి, తువ్వాల తొలగిన మణికట్టు వేడి గొట్టానికి తగిలింది. చర్మం చుర్రుమంది. కళ్లల్లో నీళ్లొచ్చాయి, కానీ నొప్పికి కాదు. బీడీలు చుట్టినదానివి అని నవ్విన మొహం కళ్ల ముందు నిలబడింది. మళ్లీ లాగింది. టక్కుమని చప్పుడైంది, నట్టు కదిలింది.

పాతది బయటికొచ్చాక అసలు పని మొదలైంది. కొత్తదాని కొసకు మరక అంటకూడదు. మర వంకరగా పట్టిందా, గొట్టమే పాడవుతుంది. అప్పుడు నిజంగానే కారు తుక్కు. మొదటిసారి కొంచెం పట్టి బిగుసుకుంది. వంకర అని వేలికి తెలిసింది, వెనక్కి తిప్పేసింది. రెండోసారీ అంతే. సుకన్య ఇంజను వైపు చూడటం మానేసి, ఎదురుగోడ వైపు చూస్తూ నిలబడింది. బీడీ చుట్టేవాళ్లు వేళ్లను చూడరు, చూస్తే లెక్క తప్పుతుంది. మూడోసారి మర మెత్తగా, దారం చుట్టుకున్నట్టు, తిరుగుతూ పోయింది.

బ్యాటరీ వైరు బిగిస్తే లైటు ఆరింది. కానీ లైటు మొన్నా ఆరింది. నడిపితేనే నిజం తెలుస్తుంది. సుకన్యకు కారు పది రోజులు నేర్పాడు రామ్‌దాస్, ఒకప్పుడు చెరుకు బండ్లు తూకానికి ఆగిన ఖాళీ మైదానంలో. చాయ్ దుకాణం దగ్గర ఎవరో నవ్వితే మానిపించాడు. రోడ్డు మీద ఎన్నడూ నడపలేదు.

"అత్తా, ఎక్కు."

"నన్ను సంపుతవా ఏంది?" అంటూనే సాయవ్వ చాటతో సహా ముందు సీట్లో కూర్చుంది.

రైల్వే గేటు దాకా పోయింది, వచ్చింది. మళ్లీ పోయింది, వచ్చింది. కారు ఎక్కడా కుంటలేదు, లైటు రాలేదు. సాయవ్వ కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ పిలిచింది గానీ, దిగుతానని మాత్రం అనలేదు.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందు రామ్‌దాస్, భానుప్రసాద్ నిలబడి ఉన్నారు. సుకన్య దిగి, నల్లగా మాడిన పాత సెన్సారును భానుప్రసాద్ చేతిలో పెట్టింది.

"అన్నా, నువ్వు మార్చినన్నవు గద, ఒకటో నంబరుది. గిదే అది."

భానుప్రసాద్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపలికి వంగి, లైటు లేదని చూశాడు. తప్పైందని అనలేదు. "గిది మా పిలగాండ్లకే అందది. ఎవలు తీసిండ్రు?" అన్నాడు.

"నేనే తీసిన భానన్నా" అన్నాడు రామ్‌దాస్. తడుముకోలేదు కూడా. "వీడియో జూసి పొద్దుగాల మార్చిన."

అరుస్తాడనీ, నన్నడగకుండా బండి ఎందుకు తీశావంటాడనీ సుకన్య సిద్ధపడి ఉంది. దీనికి మాత్రం సిద్ధంగా లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది తన వాకిట్లో, తన మణికట్టు మీద బొబ్బ లేస్తుండగా చూసింది. కోపమొస్తే ఆమె గొంతు పెరుగుతుంది. ఇప్పుడు మాత్రం చిన్నగా వచ్చింది.

"ఏ చేత్తోని తీసినవ్? చెయ్యి సూపెట్టు."

రామ్‌దాస్ నవ్వబోయాడు. సుకన్య తన రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా మసి, నూనె, ఎర్రగా కాలిన చోటు. భానుప్రసాద్ ఆ చేతులను చూసి, రామ్‌దాస్ చేతుల వైపు చూశాడు. రామ్‌దాస్ వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

"సూపెట్టురా బిడ్డా" అన్నది సాయవ్వ కారులోంచి. "అడుగుతుంది గద."

అతను చూపించలేదు. భానుప్రసాద్ సెన్సారును గోడ మీద పెట్టేసి, పనుందంటూ తన బండి తీశాడు.

సుకన్య ఇంట్లోకి పోయి ఫ్రిజ్ మీది కాగితాలు తెచ్చింది. పెన్సిలు గుర్తులున్న చోటే మొదలుపెట్టి, రెండు చేతులూ వాటితో తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. ఉండలా నలిపి మొగుడి చేతిలో పెట్టింది. మసి ఇప్పుడతని చేతులకూ అంటింది.

"కార్ఖానకు పోయి చెప్పిరా. సుకన్యకు ఆకు వద్దని."

రామ్‌దాస్ అలవాటు కొద్దీ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"నడుసుకుంట పో" అన్నది సుకన్య, తాళంచెవి కొంగుకు ముడేసుకుంటూ.