మొగలాకు సంచి

మొగలిపువ్వు అబద్ధపు సాక్ష్యం చెప్పింది, శివుడు వద్దన్నాడు, సరే. మరి ఆకు ఏం పాపం చేసింది? సుక్కమ్మకు ఈ అనుమానం ఎన్నో ఏళ్లుగా ఉంది. అడిగితే పూజారి నవ్వి ఊరుకున్నాడు. ఎందుకైనా మంచిదని, ఈతాకుతో ఎన్ని చాపలు అల్లినా మొగలాకు మాత్రం ఎన్నడూ ముట్టలేదు.

ఒక సోమవారం, ఆమె ఒక్కపొద్దున్న నాడు, పాత పొరుగింటి మల్లమ్మ కూతురు ఎలిజబెత్ ఎల్‌బీ నగర్ నుంచి చంపాపేటకు వచ్చి ఆమె ముందు మొగలాకు సంచే పెట్టింది.

“చిన్నమ్మా, ఫిజీ దేశందిది. మస్కట్ దవాఖానల నాతోని పనిచేసిన నర్సు ఇచ్చింది. వాళ్లమ్మ అల్లిందట, ఆమె ఇప్పుడు లేదు. మూలకు ఎలుక కొరికింది. ఆ పిల్ల రేపు మా ఇంటికొస్తుంది. ఏం మొఖం పెట్టుకొని చూపియ్యాలె?”

“నర్సమ్మవు, ఎలుకలను సాకుతున్నవా? మీ అమ్మ కుట్టదా?”

“అమ్మకు చేతులు వణుకుతున్నయ్. సుక్కమ్మకే ఇయ్యి, ఇంకెవ్వరితోని కాదన్నది.”

సుక్కమ్మకు పాత బాకీ గుర్తొచ్చింది. ఒకప్పుడు పెళ్లివాళ్ల చాపలు రేపు ఇవ్వాలనగా తన వేలు తెగితే, పక్కింటి మల్లమ్మ చర్చి మానుకుని పొద్దుగూకేదాకా అల్లిపెట్టింది. కూలికి కాదు, బదులుకు. ఒక దినానికి ఒక దినం. అది తీరకముందే మల్లమ్మ ఇల్లు మారింది.

“నడువు. మీ ఇంట్లనే కూసుంట,” అంది సుక్కమ్మ.

మల్లమ్మ మంచం పక్కన కూర్చుని, ఈతాకుకు చేసినట్టే సంచి మూలకు తడిగుడ్డ చుట్టింది. తప్పయింది. ఆకు ఉబ్బి అల్లిక వదులైంది. ఎలిజబెత్ గుండె పట్టుకుంది.

“పరేషాన్ గాకు. జర ఎండకు పెట్టు. ఆకు గుణం తెలిసింది గదా,” అంది సుక్కమ్మ.

ఆరాక, సంచి లోపలి అంచులో దోపిన పొడుగు కొసలు రెండు లాగి తీసింది. కత్తి వెనక వైపుతో గీకి మెత్తన చేసి, పాత ఆకు పక్కనే ఏటవాలుగా అల్లుకుంటూ పోయింది. మూల మలిచే చోట ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సముద్రం నడుమ ఎవరో తల్లి వేసిన మడత, అచ్చం తను వేసేదే. దేవుడు కాదన్న ఆకైతే ఇంత మంచి వేళ్ల కిందికి ఎట్లా వచ్చింది? అనుకుంటూనే మళ్లీ అల్లసాగింది.

పొద్దుగూకేసరికి మూల నిలబడింది. ఎలిజబెత్ గట్టిగా లాగి చూసి, పర్సు తీయబోయింది.

“పర్సు మూయవే,” అని కసిరింది మల్లమ్మ. “సుక్కీ, పొద్దుగాల ఎన్నింటికి ఒచ్చినవ్?”

“తొమ్మిదింటికక్కా.”

“నేను ఆనాడు ఆరింటికే ఒచ్చిన.”

సుక్కమ్మ పకపకా నవ్వి, మంచం కింద అంచు విడిపోయిన ఈతచాపను బయటికి లాగి ఒళ్లో వేసుకుంది. మూడు గంటల పనే అది. చివరి ఆకు దోపాక మల్లమ్మ వణికే అరచేత్తో అంచంతా తడిమి చూసింది.

“తీరింది పో,” అంది.