తాత చెక్కిన మూడు వరుసలు

తమిళనాడు ధర్మపురి బజారువీధిలో పాత మిద్దె ఇళ్లకు వచ్చే చావు ఒక్కటే. అరుగు పోతుంది, వాకిలి పోతుంది, వాటి చోట నిలువెత్తు అద్దం వస్తుంది. పైన మిద్దె మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటుంది. అలాంటి ఇళ్లను పదకొండింటిని అంగళ్లుగా మార్చిన మేస్త్రి భూపతికి పన్నెండో ఇంటి దగ్గర చేతులాడలేదు. అది అతని తాత గోపాలప్ప కట్టిన ఇల్లు.

అరుగు నడుమ టేకు స్తంభం. దాని మీద తాత ఉలితో లోతుగా చెక్కిన మూడు వరుసల తెలుగు. భూపతి ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ బడిలో నేర్చింది తమిళం. తాత తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరం ముక్క రాదు. రాకపోతేనేం, భక్తికి లోటు లేదు. అది రామనామమని నాన్న చెప్పాడు. ఏటా ఆయుధపూజ నాడు అందరూ వచ్చి ఆ వరుసలకు పసుపు పూసి దండం పెట్టుకునేవాళ్లు.

ఇల్లు కొన్నవాళ్ల దగ్గర అద్దెకు తీసుకుని బట్టల అంగడి పెడుతున్న మోహన్‌రాజ్‌కు ఆ స్తంభం అద్దానికి అడ్డం.

"శుక్రవారం అంగడి తెరవాలన్నా. నీకు మనసు రాకుంటే చెప్పు, సేలం ఆళ్లను పిలిపిస్తా" అన్నాడు.

పరాయివాళ్లు కోస్తే తాత అక్షరాలు పొయ్యిలోకి పోతాయి. ఆ భయంతోనే భూపతి ఒప్పుకున్నాడు.

అతని దగ్గరే ఇటుకలు మోసే భార్య పంచవర్ణం మాత్రం ఊరుకోలేదు. "ఏమయ్యా, దేవుని పేరుకు మూడు వరుసలెందుకు? తెలుగు చదివేవాళ్లకు ఎవురికైనా ఒకసారి చూపిద్దాము."

"మా తాత రాసింది నాకు ఇంకొకడు చెప్పాల్నా? పో, తట్ట ఎత్తు."

పని తెలియనివాడేమీ కాదు. సున్నం పూత కింద దూలం ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకే మానులా కనిపించింది. దాన్ని మోసేందుకు రెండు కొసలా ఇనుప జాకీలు బిగించాడు. కర్పూరం వెలిగించి, తాతను తలుచుకుని లెంపలు వేసుకున్నాడు. అక్షరాలకు గీత పడకుండా పైనా కిందా కోసి, ఆ ముక్కను పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకున్నాడు. దూలం ఉలకలేదు. చూశావా అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె రంపపు పొట్టు ఊడుస్తోంది. ఇంటి పూజగూట్లో పెట్టాల్సిన ముక్క కదా, దుమ్ము పడకూడదని వీధి దాటి టీ అంగడి బల్ల మీద పెట్టబోయాడు.

వెనక మిద్దె కూలింది.

సాయంత్రానికి పంచవర్ణాన్ని బయటికి తీశారు. ప్రాణం లేదు. భూపతి ఆ బల్ల మీదే, ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కూలిన సున్నం ఎగిరొచ్చి గాట్లలో నిండింది. అక్షరాలు తెల్లగా తేలాయి.

మట్టి ఎత్తడానికి వచ్చిన లారీ డ్రైవరుది కుప్పం. "తెలుగే కదా" అంటూ వంగి పైకి చదివాడు.

"దూలం రెండు ముక్కలు. అతుకు ఈ కంబం మీద వుండాది. తియ్యొద్దు నాయనా."

భూపతి ఇంకోసారి చదవమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. అందులో అతనికి తెలియని మాట ఒక్కటీ లేదు.