కదలని చోటు

ఆ ఆఫీసులో యంత్రాల ఊపు కొలిచే కంపనాల విభాగానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయన ఎక్కడ కొలిచినా సున్నాయే వచ్చేది కాబట్టి వెనకాల అందరూ సున్నా సార్ అనేవారు. కొలతకు వెళ్తే ముందుగా తను హాయిగా నిలబడే చోటు వెతుక్కునేవాడు. కాళ్లు జివ్వుమనని చోట నిలబడి, చేతికి అందినంతలో సెన్సరు అంటించేవాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే వస్తుందా మరి.

ఈసారి సున్నా వచ్చింది ఒక ఫ్యాక్టరీలో గాలి ఊదే పెద్ద బ్లోయర్ పక్కనున్న ఇనుప ప్లాట్‌ఫాం మీద. అక్కడి ఆపరేటరు, సార్ కింద పనిచేసే చిట్టికి స్వయానా చిన్నాన్న. ప్లాట్‌ఫాం ఊగుతోందని, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన మూడు నెలలుగా మొత్తుకుంటున్నాడు. సార్ మాత్రం, కంపనం ప్లాట్‌ఫాంలో లేదు, ఆపరేటరు నరాల్లో ఉంది అని రిపోర్టు రాసేశాడు. దాని మీద సార్ సంతకం పడితే, పనికి తగడని చిన్నాన్నను ఇంటికి పంపేస్తారు. తండ్రి పోయాక తనను చదివించిన మనిషిని నరాల రోగి అన్నందుకు చిట్టికి ఒళ్లు మండిపోయింది.

కంప్యూటరులో ఆ ప్లాట్‌ఫాం నమూనా కట్టి, అది ఏ వేగంలో ఏ ఆకారంలో ఊగుతుందో చూసింది. ఒక ఆకారం సరిగ్గా బ్లోయర్ వేగానికే కలిసింది, అంటే బ్లోయర్ తిరిగినంతసేపూ అది అలాగే ఊగుతుంది. అందులో నడుమ నీలంగా, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. అటూ ఇటూ ఎర్రగా, ఒకవైపు లేస్తే ఇంకోవైపు దిగుతోంది. సార్ సెన్సరు ఆ నీలంలోనే ఉంది.

చూపిస్తే సార్ మురిసిపోయాడు. "చూశావా! నడుమ కదలట్లేదు. నా కొలత కరెక్టని సాఫ్ట్‌వేరే ఒప్పుకుంది. ఈ బొమ్మ కూడా రిపోర్టులో పెట్టు."

"పక్కన ఎర్రగా ఉంది కదా సార్?"

"అదంతా అలంకారమమ్మా. బొమ్మలో ఊపు పెంచి చూపిస్తారని నువ్వే కదా చెప్పావు?"

"ఎంత ఊగుతుందో బొమ్మ చెప్పదు సార్. ఎక్కడ ఊగుతుందో చెబుతుంది."

సార్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. చిట్టి దారి మార్చింది. "పోనీ, సంతకం అక్కడే, ఆపరేటరు ఎదురుగా పెట్టండి సార్. ఇక నోరెత్తడు."

ఆ మాట సార్‌కు తెగ నచ్చింది. ప్లాట్‌ఫాం ఎక్కగానే అలవాటుగా నడుమకు నడిచాడు. చిట్టి నాలుగడుగులు అవతల, చిన్నాన్న వాల్వు తిప్పే చోట, రెయిలింగు మీద అట్ట ఆనించి కాగితం పరిచింది. "ఇక్కడ సార్."

సార్ పెన్ను పెట్టాడు. అక్షరాలు ఎగిరెగిరి పడ్డాయి. మళ్లీ పెట్టాడు. మూడోసారికి ఆయన బుగ్గలు కూడా వణుకుతున్నాయి. చిట్టికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు చిన్నాన్న నిలబడేది ఇక్కడే.

"నడుమకి రండి సార్, చక్కగా వస్తుంది," అన్నాడు చిన్నాన్న, ఎంతో మర్యాదగా. "టీ తాగాలంటే నేనూ అక్కడికే పోతాను. ఏం చేస్తాం, వాల్వు ఇక్కడ ఏడ్చింది."

సార్ నడుమకు వెళ్లలేదు. అక్కడే నిలబడి, నరాల గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశాడు. ఆ గీత కూడా తిన్నగా రాలేదు.