ఆరువందల పన్నెండు కాగితాలు

పార్టీ పెట్టిన రోజున గౌరీశంకరం మాస్టారు కొత్తపేట సెంటర్లో బల్ల మీద నిలబడి, "చెట్టెక్కేవాడికి కిందున్నోడంటే భయమేంటండీ?" అన్నారు. జనం ఈలలు వేశారు. జెరాక్స్ షాపు గుమ్మంలోంచి విన్న నాగశ్రీకి ఒళ్ళు పులకరించింది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమె అందరికీ భయపడుతూనే బతికింది. ఆ సాయంత్రమే సభ్యత్వం తీసుకుంది. ఫారాలు నింపే పనీ, దాచే పనీ క్రమంగా ఆమెదే అయింది.

కొబ్బరి కష్టజీవుల పార్టీ రెండేళ్ళలో బాగానే ఎదిగింది. సమ్మె చేసి, చెట్టెక్కి కాయలు దింపినందుకిచ్చే దింపు కూలి పెంచుకున్నారు. ఆ ఊపులో మాస్టారు ఎమ్మెల్యేకి నిలబడితే తొమ్మిది వేల ఓట్లు పడ్డాయి. ఆయన గెలవకపోతే పోయె, ఆ ఓట్లు చీలి పెద్ద పార్టీ తరఫున నిలబడ్డ భీమరాజు గారు నాలుగు వేల తేడాతో ఓడిపోయారు. చుట్టుపక్కల సగం తోటలు ఆయనవే.

వారం తిరక్కుండా, దింపు తీసే జగ్గయ్యని ఇక తోటలోకి రావద్దన్నారు. తర్వాత ఇంకో పదిమందిని. నాగశ్రీ షాపు ఎదురుగా రోజూ ఓ తెల్ల కారు వచ్చి ఆగేది. ఎవరూ దిగరు, అద్దాలు దించరు. ఆమె అటే చూస్తూ ఒకే పేజీని రెండుసార్లు జెరాక్స్ తీసేది.

ఓ ఉదయం పేపర్లో మాస్టారి ఫొటో పడింది. మెడలో భీమరాజు గారు కప్పిన కండువా.

మర్నాడు కారు తలుపు తెరుచుకుంది. భీమరాజు గారి వ్యవహారాలు చూసే సూర్యారావు ముందు దిగాడు. వెనకాల మాస్టారు.

"బాగున్నారాండీ?" అన్నాడు సూర్యారావు ఎంతో మర్యాదగా. "మాస్టారు మా పార్టీలోకి వచ్చేరు కదండీ. వారి వెనకాల ఎవరెవరున్నారో మాకు తెలియాలండి. ఫారాలన్నీ మీ దగ్గరే ఉన్నాయంట."

ఆ పేర్లు చేతికిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

"అమలాపురంలో లాయరు గారి దగ్గరున్నాయండీ." అబద్ధం దానంతటదే నోటికి వచ్చేసింది.

"ఆయ్. అయితే రేపు పదింటికి వస్తామండి."

అతను కారు వైపు నడిచాక మాస్టారు గొంతు తగ్గించారు. "ఇచ్చెయ్యమ్మా. మా అబ్బాయి ఉద్యోగం వాళ్ళ చేతిలో ఉంది. నాకూ భయమేనమ్మా."

కారుకన్నా ఆ మాటకే ఆమె గుండె ఎక్కువ జారింది.

షట్టరు దించి, ఆరువందల పన్నెండు ఫారాలూ సంచిలో కుక్కుకుని స్కూటీ తీసింది. ఎవరి కాగితం వాళ్ళకిచ్చేయాలి, అంతే. కొందరు ఆమెని చూసి తలుపులు వేసుకున్నారు. పలివెల దాకా ఓ మోటారు సైకిలు వెంటబడింది. పక్కకి తప్పుకుంటే, పాల క్యాన్లతో ముందుకెళ్ళిపోయింది.

జగ్గయ్య భార్య క్రిస్టీనా మొగుడి వేలిముద్రని కాసేపు చూసి, కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. "మరి మీరేం చెబుతారండీ వాళ్ళకి?"

"తెలీదు క్రిస్టీనా."

పొద్దు వాలేసరికి సగం కూడా పంచలేకపోయింది. ఇంటికొచ్చి మిగిలినవన్నీ కొబ్బరి మట్టలతో కలిపి నీళ్ళ పొయ్యిలో తగలబెట్టింది.

మర్నాడు పదింటికి సరిగ్గా వచ్చారు.

"లేవండీ," అంది. కౌంటరు పట్టుకుంది. "కాల్చేశాను."

సూర్యారావు నవ్వు అలాగే ఉంది. "ఎవరు కాల్చమన్నారండీ?"

మాస్టారు గోడవైపు చూస్తున్నారు. చూపు తిప్పకుండానే, "నేనేనండి," అన్నారు. "మొన్ననే చెప్పేను. ఆవిడకేం తెలీదు."

సూర్యారావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మాస్టార్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

నెలలోపే షాపు గది ఖాళీ చేయమన్నారు. మాస్టారి కొడుకుని దూరానికి బదిలీ చేశారు. పార్టీ పేరెత్తేవాళ్ళే లేకపోయారు. పొడుగు చెట్లెక్కేవాళ్ళు దొరక్క జగ్గయ్యనీ, తక్కినవాళ్ళనీ మళ్ళీ పిలిచారు.

నాగశ్రీ ఇప్పుడు ఆలమూరులో షాపు పెట్టుకుంది. ఎదురుగా ఏ కారు ఆగినా చేతిలో పని ఆపేస్తుంది. అందులోంచి ఎవరో ఒకరు దిగేదాకా మళ్ళీ మొదలుపెట్టదు.