పొయ్యి పక్కన పసుపు చీరలు

ఉగాదికి మామిడితోటలో భోజనాలన్న కబురు వచ్చిన దగ్గర్నుంచీ రావమ్మకు కంటి మీద కునుకు లేదు. తోటంటే పాములుంటాయి. చెట్లకు తేనెపట్లుంటాయి. హనుమాన్ జంక్షన్ దాటాక లారీలవాళ్లు మనుషుల్ని చూసి నడపరు. ఎండకు పులిహోర పాడైతే మళ్లీ పెడన చేరేదాకా కడుపులు ఆగుతాయా? ఇవన్నీ మొగుడితో వరసపెట్టి చెప్పింది. ఏడుకొండలు మగ్గం మీంచి తల ఎత్తకుండా, "అన్నయ్య పిలిచాడు. వెళ్లకపోతే బాగోదు" అన్నాడు.

అన్నయ్యంటే భావనారాయణ. ఒకప్పుడు ఒకే ఇంట్లో పక్కపక్క మగ్గాల మీద నేసినవాళ్లే ఇద్దరూ. ఇరవై ఏళ్ల కిందట పెద్దవాడు బెజవాడ వెళ్లి గవర్నర్‌పేటలో చీరల కొట్టు పెట్టాడు. అప్పట్నుంచి ఆయన చేతికి నూలు తగిలింది లేదు. నోటికి మాత్రం 'చేనేత' అన్న మాట పట్టుకుని వదల్లేదు.

తోట గేటు దగ్గర వేపచెట్టు విరగబూసి ఉంది. దాని కింద నిలబడి తోడికోడలు సుబ్బరత్నం ఆడవాళ్లందరికీ తలో పసుపు చీర పంచుతోంది.

"అందరం ఒకటే రంగు కట్టుకుందాం రావమ్మా. ఫోటోలో బాగుంటాం."

మోటారు గదిలో చీర మార్చుకుంటూ రావమ్మ అంచు తిరగేసి చూసింది. పాతికేళ్లుగా మగ్గం పక్కన అన్నం తిన్న మనిషికి ఆ చీర ఏమిటో చెప్పాలా? అయినా అనుమానం ఎందుకని కొస నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించింది. నూలైతే బూడిదవ్వాలి. ఇది ముడుచుకుని నల్లటి పూసయింది. ఇలాంటివి ఒంటికి చుట్టుకుని పదిమంది ఆడవాళ్లు తోటంతా తిరుగుతున్నారు! ఎవరన్నా బీడీ పారేస్తే?

బయటికొస్తే పచ్చడి పంచుతున్నారు. కాగితం కప్పుల్లో జీడిపప్పు, కిస్‌మిస్, అరటిపండు ముక్కలు.

"వేపపువ్వేదక్కా?" అంది రావమ్మ.

"పిల్లలు తినరని నేనే వెయ్యద్దన్నా. పండగపూట చేదెందుకు?"

గేటు దగ్గర చెప్పుల నిండా వేపపువ్వే. అయినా పచ్చడిలోకి వెయ్యడానికి ఒక్క రెబ్బ దొరకలేదు ఈ మహారాణికి.

ఇంతకీ అసలు పండగ పచ్చడి కోసం కాదని కాసేపట్లోనే తేలింది. పెద్ద చెట్టు కింద ఒక మగ్గం దింపారు. సినిమా సామాన్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర తెచ్చారట. అక్కడక్కడా పోగులు తెగి, జబ్బు గేదె తోకలా వేలాడుతున్నాయి. భావనారాయణ కొడుకు కిరణ్‌కుమార్ చేతిలో ఫోనుతో వచ్చి బాబాయి భుజం మీద చెయ్యేశాడు.

"పదకొండింటికి కొట్టు తరఫున లైవ్ పెడుతున్నాం బాబాయ్. నువ్వు మగ్గం మీద కూర్చుని నేస్తున్నట్టు చెయ్యి. పిన్ని కట్టిన చీర చూపించి, 'ఇది నా చేతుల్తో నేశాను' అను. ఒక్క మాటే."

రావమ్మకు పెడన గుర్తొచ్చింది. ఏడుకొండలు చీర పట్టుకెళితే పెడనలో షావుకారు మడత విప్పి చూడడు. ముప్పై ఏళ్లకు అతను సంపాదించుకుంది ఆ నమ్మకం ఒక్కటే. ఊళ్లో ప్రతి ఇంట్లో ఫోనుంది. ఈ మాట అన్నాడంటే రేపట్నుంచి అతని మడత విప్పుతారు. ఆ తర్వాత చేనేత సొసైటీవాళ్లు పిలుస్తారు, నేతగాడి కార్డు తీసేస్తారు, పిల్ల చదువు ఆగిపోతుంది...

మొగుణ్ణి పక్కకు లాగింది. "ఆ మాట అనమాక. నీకు దణ్ణం పెడతా."

"అన్నయ్య ముఖం మీద కాదని ఎట్టా అనేది?" అని ఏడుకొండలు మగ్గం ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోలేదు. తెగిన పోగులు చూసి చేతులాగక, ఒక్కొక్కటే ముడేయడం మొదలుపెట్టాడు.

"నటిస్తే చాలు బాబాయ్!"

"పోగు తెగి ఉంటే ఎట్టా నేసేదిరా?"

భావనారాయణ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఏం రావమ్మా, ముఖం అట్టా పెట్టావు? పాము కనపడిందా? తేనెటీగలొచ్చినయ్యా?"

అందరూ నవ్వారు.

లైవ్ మొదలైంది. పల్లెటూరి కళ రావాలని మూడు రాళ్ల పొయ్యి వెలిగించి, దాని ముందు సుబ్బరత్నాన్ని బూరెలు వేస్తున్నట్టు నిలబెట్టారు. ఇంట్లో గ్యాసు వెలిగించడానికి కూడా పనిమనిషిని పిలిచే మనిషి! "తరతరాలుగా మా కుటుంబం మగ్గాన్నే నమ్ముకుంది" అని కిరణ్‌కుమార్ గొంతు మార్చి చెబుతున్నాడు. మగ్గం వాసనంటే వాడికి తుమ్ములొస్తాయి.

ఫోను ఏడుకొండలు మీదికి తిరిగింది.

"చెప్పు బాబాయ్, పిన్ని కట్టిన ఈ చీర..."

ఏడుకొండలు భార్య వైపు చూశాడు. నోరు తెరిచాడు. రావమ్మ ఆ నోటి వంక చూడలేక తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు కనపడింది. గాలికి లేచిన సుబ్బరత్నం కొంగు పొయ్యి మీద వాలుతోంది.

"అక్కా! కొంగు! లాగెయ్యి, అది పాలిస్టరు! అంటుకుంటే ఒంటికి అతుక్కుపోద్ది!"

అరుస్తూనే పరిగెత్తి, అప్పటికే చివర అంటుకున్న కొంగు లాగింది. మంచినీళ్ల బిందె ఎత్తి కుమ్మరించింది. మంట ఆరింది. కొంగు చివర మాత్రం బెత్తెడు మేర చుట్టుకుపోయి, నల్లటి పూసలు కట్టి ఫోను ముందు వేలాడింది.

రావమ్మ కూతురు ప్రత్యూష తన ఫోనులో లైవ్ చూస్తోంది. "అన్నయ్యా, 'చేనేత చీర అట్టా కరుగుతుందా అండీ' అని అడుగుతున్నారు. అందరూ అదే అడుగుతున్నారు."

కిరణ్‌కుమార్ లైవ్ ఆపేశాడు. "చీర అంటుకుందంటే సరిపోయేదిగా పిన్నీ! పాలిస్టరని ఎందుకన్నావు?"

"నూలైతే దులిపితే ఆరుద్ది. ఇది దులిపితే చేతికి కూడా అంటుకుంటది. చెప్పకపోతే ఎట్టా తెలుస్తది?"

"కావాలనే చేశావు!" అన్నాడు భావనారాయణ, కుర్చీలోంచి లేచి.

"మీ ఇంటి మనిషి కాలిపోతుంటే చీర పరువు చూడమంటారా బావగారూ?"

సుబ్బరత్నం తడిసిన చీరతో చేతులూ నడుమూ తడిమి చూసుకుంటోంది. మొగుడి వైపు మాత్రం చూడలేదు.

ఏడుకొండలు మగ్గం దిగాడు. ఈ గొడవకు ముందే పోగులన్నీ ముడేసి నాలుగు వేళ్ల మేర నేశాడు. "లోకానికి చూపించాలంటే ఇది చూపించుకో అన్నయ్యా. నేను నేసింది ఇదే" అన్నాడు. ఆ మాట అన్నకు ఎదురుచెప్పినట్టు కూడా లేదు, నీళ్లు కావాలని అడిగినట్టుంది.

భోజనాలకు ఎవరూ పిలవలేదు. అదీ మంచిదే, ఆ పులిహోర వాసన పొద్దుటే తేడాగా ఉంది. ఇక ముందు బావగారు గడప తొక్కనివ్వరేమో, బస్సు దొరుకుతుందో లేదో, లైవులో తన ముఖం ఎంతమంది చూశారో అనుకుంటూ రావమ్మ మోటారు గదిలోకి వెళ్లి తన నూలు చీర కట్టుకొచ్చింది. పసుపు చీర నాలుగు మడతలు పెట్టి సుబ్బరత్నం చేతిలో పెట్టింది.

"ఇదుగో అక్కా. ఇంట్లో కూడా దేవుడి దీపానికి దూరంగా పెట్టు."