చోటు చెప్పని బఖీత్

"దాచాడు" అని రాయకు తల్లీ, కొట్టెయ్. నీ బాబాయి బఖీత్ ఏదీ దాచలేదు. చెప్పనన్నాడు, అంతే. మీ నాన్న సుహైల్ ఊరంతా వేరేగా చెప్పుకు తిరిగాడు కనక, జరిగింది జరిగినట్టు రాయి.

ఆ పొద్దున మన హాసిక్ ఊరి కొండల కింద సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. బఖీత్ పడవలో తిమింగలాన్ని చూద్దామని మస్కట్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి కూర్చుంది. కొండ మలుపు దాటగానే నీటి మీద తెల్లగా ఆవిరి చిమ్మింది. పక్కనే ఇంకోటి, చిన్నది. తల్లీ పిల్లా.

బఖీత్ దూరంగానే ఇంజన్ ఆపేశాడు. ముందు రోజు ఇదే తల్లిని ఊరి పడవలన్నీ చుట్టుముట్టాయి. అది మునిగితే చాలు, తేలే చోటికి పరుగులు. పిల్లకి ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వలేదు.

"ఇంకొంచెం దగ్గరికి పోనివ్వవయ్యా," అన్నాడు వచ్చినవాళ్లలో పెద్దాయన.

"అది దాని ఇల్లండీ. మనం గుమ్మం దాకా వచ్చాం, చాలు. పిల్లకి పాలిస్తోంది, చూడండి."

అంతలో వైర్‌లెస్ గరగరలాడింది. సుహైల్ గొంతు. "ఒరేయ్ బఖీత్, ఏమైనా కనిపించిందా?"

హాసిక్‌లో చేపల గుంపు కనిపించినా సరే, చోటు అందరికీ చెప్పాలి. చెప్పనివాడు అతిథి మొహాన తలుపేసినవాడి కింద లెక్క. కనిపించలేదు అనుంటే గొడవే ఉండేది కాదు. బఖీత్‌కి ఆ మాట నోట రాలేదు.

"కనిపించిందన్నా. తల్లీ పిల్లా."

"ఎక్కడ?"

"చెప్పను."

వైర్‌లెస్‌లో అందరూ వింటున్నారు. మిగతా పడవల వాళ్లు అందుకున్నారు.

"దాన్ని పెళ్లిగానీ చేసుకున్నావేంట్రా?"

"మరి విందెప్పుడు?"

సుహైల్ నవ్వలేదు. "నా పడవలో అతిథులున్నార్రా. వాళ్ల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేను వెళ్లాక నువ్వొక్కడివే రా. దూరంగా ఇంజన్ ఆపుతానని మాటివ్వు, చోటు ఇప్పుడే చెప్తా."

"నాకే షరతులా? నీకు చుక్కాని పట్టడం నేర్పినవాణ్ణిరా!"

"నేర్పావు. బాలింత వెంటపడి తరమడం మాత్రం నేర్పలేదు."

"అయితే ఇంక నా గడప తొక్కకు. నా ఇంట్లో కాఫీ తాగకు."

మీ నానమ్మ పోయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే అన్న ఇంట్లోనే బఖీత్ కాఫీ. వైర్‌లెస్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తాగను," అన్నాడు.

పిల్ల పాలు తాగడం అయ్యేదాకా ఆగి, పడవని మెల్లగా, వాటికి దూరంగా చుట్టు తిప్పి ఒడ్డుకి తీసుకొచ్చాడు.

ఒడ్డున పడవని ఇసుక మీదికి లాగాలంటే పదిమంది పట్టాలి. పదిమందీ అక్కడే ఉన్నారు, చేతులు కట్టుకుని. సుహైల్ కూడా. వాళ్ల ముసలి నాన్నని నేనే, కర్ర పక్కన పడేసి వచ్చి తాడు పట్టుకున్నాను.

"వద్దు నాన్నా, నీ నడుము..."

"లాగరా ముందు."

మస్కట్ వాళ్లు కూడా దిగి భుజం పెట్టారు. పడవ కదిలింది.

రాశావా తల్లీ? మీ నాన్న ఇప్పుడు సలాలా పట్నంలో ఉన్నాడుగా. ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు. గొంతు తగ్గించకు. మధ్యలో పెట్టేస్తే మళ్లీ చెయ్యి.