కడుపుబ్బే ఆట

1959 ఫిబ్రవరి ఏడు, శనివారం. ఆ సాయంత్రం మా ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు. అక్క నా కంచంలో నూనె కాస్త ఎక్కువే పోసింది. నాతో ఏదైనా పని ఉన్నప్పుడు ఆమె చెయ్యి అలా వదులవుతుంది.

"తమ్మి, డేరా టాకీసుకు పోవద్దని పిల్లకు నువ్వే చెప్పియ్యి. నేను చెప్తే మొకం ముడుసుకుంటది."

అక్క పేరు లస్మవ్వ. నా భార్య కమలవ్వ పోయాక చొప్పదండి నుంచి వచ్చి, మా అనసూర్యను తన బిడ్డలా పెంచుతోంది. అనసూర్యకు పదకొండేళ్లు. నేను మంచిర్యాల బడిలో పంతులుని.

టేషన్ దగ్గరి ఖాళీ జాగాలో డేరా వేసి వారమైంది. మాంత్రికులు, మాయమయ్యే మనుషులు, నవ్వులాటలు ఉన్న సినిమా. బెజవాడ వైపు మనిషి ఒకాయన ఎడ్లబండిలో కూర్చుని, నోటికి గొట్టం పెట్టుకుని ఊరంతా అరిచాడు. "మంత్రాలు! మాయలు! చూసినవాళ్లకు కడుపుబ్బిపోతుంది! పిల్లాపాపలతో తరలిరండి!"

కడుపుబ్బడానికి ముందు రావాల్సిన 'నవ్వి నవ్వి' అనే మాట ఆయనే మింగేశాడో, ఎద్దుల గంటల్లో కలిసిపోయిందో, మా వాడకు మాత్రం చేరలేదు. మంత్రాలూ కడుపుబ్బడమూ పక్కపక్కన వినిపిస్తే మా వైపు ఎవరికీ నవ్వు రాదు. బాణామతి గుర్తుకొస్తుంది. గిట్టనివాళ్లు మంత్రం వేస్తే కడుపు కుండలా ఉబ్బి మనిషి పోతాడని నమ్మకం. కమలవ్వ అలా కడుపు ఉబ్బే పోయింది. కాలేయం చెడిందని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. అక్క అక్కడ తలూపింది, ఇంటికొచ్చి తాయెత్తు కట్టింది. రాత్రుళ్లు నిద్ర లేకుండా నా భార్య కాళ్లు పట్టిన మనిషితో నేనేం వాదిస్తాను?

పక్కింటి మల్లక్క గోడ మీదుగా తొంగి చూసింది. "అక్కా, నా పోరగాండ్లు నిన్ననే సూసొచ్చిండ్రు. ఒక్కనికి గూడ కడుపుబ్బలే. అన్నమే రెండింతలు తింటుండ్రు."

"ఇగ ఉబ్బుడు షురువైనట్టే గదనే!" అంది అక్క.

మల్లక్క పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు.

అనసూర్య నా పక్కన చేరి మెల్లగా అంది. "బాపు, బడిల అందరు గా సినిమా ఆటే ఆడుతుండ్రు. నవ్వుతుండ్రు. ఎందుకు నవ్వుతుండ్రో నాకు తెల్వది. నేను గూడ ఉత్తగనే నవ్వుతున్న."

ఆ ఉత్త నవ్వు నన్ను కలవరపెట్టింది. రేపటితో డేరా ఎత్తేస్తారు. అక్క మాట కాదంటే ఆమె మనసు విరుగుతుంది. ఔనంటే ఆమె భయం నా బిడ్డకు ఆస్తిలా వస్తుంది. తల్లిని ఎవరో మంత్రంతో చంపారనుకుంటూ, ఇరుగుపొరుగును అనుమానిస్తూ పెరుగుతుంది.

"నేను ముందుగాల పోయి సూసొస్త అక్కా. పిల్లలకు పనికొస్తదో లేదో ఉన్నదున్నట్టు చెప్త."

"నీకేమన్న అయితే?"

"నీ పప్పుకే నా కడుపు ఉబ్బింది. ఇంక జాగ లేదు."

రెండో ఆటకు వెళ్లొచ్చాను. పొద్దున అక్క పొయ్యి ముందు కూర్చోగానే అడిగింది. "చెప్పు, ఏమున్నది?"

"కత్తులున్నయి గాని నెత్తురు లేదు. రాజకుమారి, ఆమె మనసుపడ్డ పిలగాడు చెట్టుకు చెరొక దిక్కు నిలవడి పాడుతరు. తాగుడు లేదు, తిట్లు లేవు. మాంత్రికుడు మంత్రిని గాడిదను చేస్తడు, గాడిదను మంత్రిని చేస్తడు. కొలువుల ఎవ్వలు గుర్తుపట్టరు."

అక్క పెదవి కొంచెం కదిలింది. నేను అక్కడితో ఆపేయవచ్చు. కాని ఉన్నదున్నట్టు చెప్తానన్నాను.

"ఒక్కకాడ మాత్రం మంత్రంతోని కడుపు ఉబ్బుతది. అది ఎవలకంటే..."

"వద్దు! ఇంట్ల గా మాట అనకు."

దర్వాజ దగ్గర అనసూర్య నిలబడి వింటోంది. అంతా అయిపోయిందనుకున్న పిల్లలా జడ చివర వేలికి చుట్టుకుంటోంది. అక్క ఆమెను చాలాసేపు చూసింది.

"నేను గూడ వస్త. గా కాడ పిల్ల కండ్లు మూస్త" అంది.

సాయంత్రం అక్క కొంగుకు నిమ్మకాయ, అనసూర్య జడలో వేపరెమ్మ. వెనక కుర్చీల్లో కుటుంబాలు కలిసి కూర్చోవచ్చు గనుక ముగ్గురం అక్కడ కూర్చున్నాం. గాడిద మంత్రి తీర్పు చెప్పినప్పుడు అనసూర్య ఒళ్లంతా ఊగేలా నవ్వింది. అక్క పిల్లను చూసింది గాని తెరను చూడలేదు.

మాంత్రికుడు రాజు ముందు నిలబడి కడుపు మంత్రం ఎత్తుకోగానే అక్క అరచెయ్యి పిల్ల కళ్ల మీద పడింది. తన కళ్లు మాత్రం మూసుకోలేదు. కాపలా ఉండాలి కదా.

"అత్తా, ఏమాయె?"

"ఉబ్బుతుంది బిడ్డా."

"రాజుకా?"

అక్క ముందుకు వంగింది. "కాదే... మంత్రం తప్పు సదివిండు. వానికే! వాని మంత్రం వానికే తాకింది!"

"ఇప్పుడేం జేస్తుండు?"

"ఉరుకుతుండు. అయ్యో, దర్వాజల ఇర్కిండు! ఇటు దిక్కు శిష్యులు గుంజుతుండ్రు, అటు దిక్కు గాడిద తంతుంది. తన్నే, జర గట్టిగ తన్నే!"

అక్క నవ్వసాగింది. ఆ నవ్వు విని మూడేళ్లయింది. చివరికి ఆపుకోలేక, తన కడుపు పట్టుకోవడానికి పిల్ల కళ్ల మీది చెయ్యే తీసేసింది. అనసూర్య తెర కంటే ముందు మేనత్తనే చూసింది.

దారిలో అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బండిల అరిసినోడు అబద్ధమాడలే తమ్మి. నవ్వి నవ్వి కడుపు నొస్తుంది."

అనసూర్య కొంచెం ముందు నడుస్తోంది.

"అప్పుడు గా డాక్టరు ఏమన్నడు? కార్జమన్నడా?"

ఆమె ఆ సంగతి అడగడం అదే మొదలు.

"ఔ అక్కా. కార్జమే. మనం పోయేసరికే ముదిరింది."

"ఎవ్వలు ఏం జెయ్యలేదన్నట్టు."

"ఎవ్వలు ఏం జెయ్యలే."

అక్క "ఊఁ" అంది. నమ్మిందని చెప్పలేను. కాని మల్లక్క ఇంటి ముందు నుంచి వెళ్తూ ఆగి, "మల్లా, నువ్వు చెప్పింది నిజమేనే" అని కేకేసింది.

ఇంటికి రాగానే అనసూర్య కడుపు ముందుకు పెట్టి గడపలో ఇరుక్కున్నట్టు నిలబడింది. అక్క దాని వీపున ఒక్కటిచ్చి లోపలికి నెట్టింది. చాప మీద పడుకున్నాక కూడా పిల్ల తనలో తనే నవ్వుకుంటూ నవ్వుకుంటూ నిద్రపోయింది. అక్క దుప్పటి సరిచేసి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.